గని వ్యర్థాలు ఎక్కడ పెట్టాలి: బురద పాండా, పేస్టా, డ్రై స్టాకా, తిరిగి గనిలోకేనా?

గని వ్యర్థాల మీద మీటింగ్ పెడితే కంపెనీ వైపు వాళ్ళు టన్నుకి ఎంత పడుతుంది అని మొదలెడతారు, ఊరి వైపు వాళ్ళు అసలు ఇక్కడ వద్దు అని మొదలెడతారు. ఏ పద్ధతి ఏ ప్రమాదాన్ని తగ్గిస్తుంది, ఏ ప్రమాదాన్ని అలాగే వదిలేస్తుంది అన్న ముక్క మాత్రం ఎవరూ ఎత్తరు. కడప జిల్లా తుమ్మలపల్లెలో యురేనియం, కర్నూలు జిల్లా జొన్నగిరిలో బంగారం, ఇలా విషయం మన దాకా వచ్చేసింది కాబట్టి ఒకసారి పక్కపక్కన పెట్టి చూద్దాం. గని కంపెనీలో కొత్తగా చేరిన ఇంజనీర్లకీ, పబ్లిక్ హియరింగ్‌లో మైకు పట్టుకోబోయే ఊరివాళ్ళకీ ఇద్దరికీ పనికొచ్చేలా రాస్తున్నా.

టైలింగ్స్ అంటే తెలియని వాళ్ళకి రెండు ముక్కలు. బంగారం గనిలో టన్ను రాయి పిండి చేస్తే చేతికొచ్చేది గ్రాముల్లోనే, మిగతా టన్నంతా మెత్తటి పిండి, దాంట్లో నీళ్ళు, ప్రాసెస్‌లో వాడిన కెమికల్స్ మిగులు. ఆ బురదే టైలింగ్స్. ఖనిజం మీదా పక్కనా ఉన్న పనికిరాని రాయి వేరే, దాన్ని దిబ్బలు పోస్తారు, దాని గురించి చివర్లో కొంచెం.

## ముందు దేన్ని బట్టి ఎంచుకోవాలి

నా అభిప్రాయం ముందే చెప్పేస్తా: గండి రిస్కు వేరు, ఊట రిస్కు వేరు, దుమ్ము రిస్కు వేరు. ఒకదాన్ని బాగా తగ్గించే పద్ధతి ఇంకోదాన్ని పెంచొచ్చు కూడా. అమ్మేవాడు "ఇది సేఫ్ సార్" అంటే దేని నుంచి సేఫ్ అని అడగాలి.

గండి. 2019 జనవరి 25న బ్రెజిల్ బ్రుమాడిన్యోలో వాలే కంపెనీ ఇనుప గని టైలింగ్స్ డ్యామ్ తెగింది, 86 మీటర్ల ఎత్తు గట్టు, 270 మంది చనిపోయారు. ఆ డ్యామ్‌లోకి వ్యర్థాలు పోయడం ఆపేసి అప్పటికే రెండేళ్ళు దాటింది, పైన నీళ్ళు నిలిచి కూడా లేవు, స్టేబుల్ అని సర్టిఫికెట్ కూడా ఉంది. కానీ గట్టు లోపల బురద తడిగానే ఉంది, డ్రైనేజీ సరిగ్గా లేదు, చూస్తుండగానే సెకన్లలో గట్టి నేల ద్రవంలా మారి కదిలిపోయింది. గని ఆఫీసూ, క్యాంటీనూ డ్యామ్‌కి నేరుగా దిగువన ఉన్నాయి, టైము మధ్యాహ్నం 12:28, అంటే భోజనాల వేళ. సైరన్ మోగలేదు. ఇక్కడ నన్ను బాగా ఆపేసేది డ్యామ్ డిజైన్ కంటే ఆ క్యాంటీనే, ఎందుకంటే గట్టు లెక్కలు తప్పడానికి వంద కారణాలు ఉండొచ్చు, కానీ గట్టు కింద వంటగది కట్టకుండా ఉండటానికి ఏ లెక్కా అక్కర్లేదు. అందుకే మొదటి ప్రశ్న ఏ పద్ధతి అని కాదు, తెగితే బురద ఎంత దూరం పోతుంది, ఆ దారిలో ఎవరున్నారు అని.

ఊట, అంటే వ్యర్థంలోని నీళ్ళు కిందకి దిగి భూగర్భ జలంలో కలవడం. ఇది ఫొటోల్లో కనపడదు, టీవీలో రాదు, కానీ మన దగ్గర జనం ఎక్కువగా పడేది దీనితోనే. తుమ్మలపల్లె టైలింగ్ పాండ్ పక్కనున్న ఊళ్ళ రైతులు బోర్ల నీళ్ళు పాడయ్యాయనీ, అరటి తోటలు దెబ్బతిన్నాయనీ ఏళ్ళుగా అంటున్నారు, కంపెనీ మా వల్ల కాదంటోంది. ఈ గొడవ అంత తేలిగ్గా ఎందుకు తేలదంటే, గని రాకముందు ఆ బోర్లలో నీళ్ళు ఎలా ఉండేవో రెండు పక్షాలూ ఒప్పుకునే కాగితం ఉంటేనే తేలుతుంది. అక్కడి నేలలో సహజంగానే యురేనియం ఉంది కాబట్టి అది ముందు నుంచే ఉందని ఎవరైనా అనొచ్చు.

దుమ్ము. కోలార్ గోల్డ్ ఫీల్డ్స్‌లో 2001లో గనులు మూతపడ్డాయి, కానీ వందేళ్ళకు పైగా పోసిన టైలింగ్స్ దిబ్బలు ఊరి మధ్యలోనే ఉన్నాయి, వాటిని అక్కడి వాళ్ళు సైనైడ్ దిబ్బలు అంటారు. కోలార్ జిల్లాలో తెలుగు మాట్లాడేవాళ్ళు చాలామంది, వాళ్ళనడిగితే గాలి గట్టిగా వీచే నెలల్లో ఆ దుమ్ము ఎక్కడెక్కడ దూరుతుందో చెప్తారు. గని ఆగింది కానీ గాలి ఆగలేదు.

వాన. ఏడాది మొత్తం ఎంత పడుతుంది అన్నదానికంటే ఒక్క రోజులో ఎంత పడుతుంది అన్నది ముఖ్యం, తుఫాను ఉన్న చోట ఇంకా ముఖ్యం. 1994లో దక్షిణాఫ్రికా మెరీస్‌ప్రూట్‌లో ఒక్క సాయంత్రం పడ్డ గట్టి వానకి టైలింగ్స్ డ్యామ్ పొర్లి తెగింది, 17 మంది పోయారు. నీటి మట్టానికీ గట్టు అంచుకీ మధ్య ఖాళీ సరిపడా ఉంచలేదు, అంతే.

పునాది. కెనడా మౌంట్ పాలీలో 2014లో తెగిన డ్యామ్‌కి గట్టు కింద ఉన్న ఒక బలహీనమైన బంకమట్టి పొరే కారణం. సర్వేలో దాన్ని సరిగ్గా పట్టుకోలేదు. పునాదిలో బోర్లు వేసి చూడటంలో పొదుపు చేస్తే గట్టు పైన ఎంత ఖర్చు పెట్టినా దండగ.

మూతపడ్డాక. గని 15 ఏళ్ళు నడుస్తుంది, వ్యర్థం ఎప్పటికీ ఉంటుంది. మూసివేత డబ్బు ఎక్కడ డిపాజిట్ చేశారు, ఎవరి పేరు మీద అని అడిగి చూడండి, మీటింగ్‌లో ఎంత నిశ్శబ్దం వస్తుందో.

## ఒక్కో పద్ధతి

### బురద పాండ్, చుట్టూ గట్టు

ఎక్కువ గనుల్లో ఇదే. 30 నుంచి 50 శాతం ఘనపదార్థం, మిగతా నీళ్ళు, పైపులో పంపి గట్టు వెనక పోస్తారు, బరువైన ముతక భాగం గట్టు దగ్గర దిగుతుంది, సన్నటి బురదా నీళ్ళూ మధ్యలోకి పోతాయి. తేలిన నీళ్ళు మళ్ళీ ప్లాంట్‌కి తోడతారు. కట్టడం చవక, నడపడం అలవాటైన పని.

మన చెరువు గట్టుతో దీన్ని పోల్చకండి, అక్కడే చాలామంది బోల్తా పడతారు. చెరువు ఒకసారి కట్టి వదిలేస్తాం, అలుగు ఉంటుంది, ఎండాకాలం ఎండుతుంది. టైలింగ్స్ గట్టు గని నడిచినన్నాళ్ళూ ఎత్తు పెరుగుతూనే ఉంటుంది, దాని వెనక ఉన్నది ఎప్పటికీ ఖాళీ కాదు.

ఆ ఎత్తు ఎటువైపు పెంచుతారన్నదే అసలు తేడా. అప్‌స్ట్రీమ్ పద్ధతిలో కొత్త గట్టుని లోపలి వైపు, పాత టైలింగ్స్ మీదే నిలబెడతారు, అంటే ఆరిందని అనుకుంటున్న బురదే పునాది. మట్టి తక్కువ పడుతుంది కాబట్టి అన్నిటికంటే చవక. బ్రుమాడిన్యో అదే, దానికి మూడేళ్ళ ముందు 19 మందిని పొట్టనబెట్టుకుని దోసి నది వెంట 600 కిలోమీటర్లు దాటి సముద్రం దాకా పోయిన మరియానా (ఇదీ బ్రెజిలే) బురద కూడా ఆ పద్ధతి డ్యామ్‌దే. చిలీలో 1965 భూకంపానికి ఎల్ కోబ్రే దగ్గర టైలింగ్స్ డ్యామ్ తెగి 200 మందికి పైగా పోయాక 1970లో ఆ దేశం ఈ పద్ధతిని నిషేధించింది. బ్రెజిల్ 2019 తర్వాత ఆ పని చేసింది. యాభై ఏళ్ళ తేడా, ఆలోచించండి.

డౌన్‌స్ట్రీమ్ పద్ధతిలో కొత్త గట్టు బయటి వైపు, గట్టి నేల మీద వస్తుంది. ఎత్తు పెరిగే కొద్దీ మట్టీ రాయీ విపరీతంగా పడతాయి, స్థలం కూడా, కానీ పునాది బురద కాదు. సెంటర్‌లైన్ ఈ రెండింటికీ మధ్య. కొత్తగా కట్టే పాండ్‌కి ఎవరైనా అప్‌స్ట్రీమ్ అని ప్రపోజల్ తెస్తే, ఎండ ప్రాంతం, భూకంపం లేని చోటు అని ఎన్ని చెప్పినా, దిగువన ఇళ్ళుంటే నేనైతే అక్కడితో మాట ఆపేస్తా.

గట్టు ఆరోగ్యం తెలియాలంటే పీజోమీటర్ చూడాలి. గట్టులోకి దించిన సన్న గొట్టం, అందులోకి టేపు వదిలితే నీళ్ళు తగలగానే బీప్ అంటుంది, ఆ లోతు రాసుకుంటారు. వాన పడకుండానే నెల నెలా నీళ్ళు పైకొస్తుంటే లోపల డ్రైనేజీ మూసుకుపోతోందని అనుమానించాలి. రీడింగ్ పుస్తకంలో నెలల తరబడి ఒకే అంకె ఉంటే ఇంకా అనుమానించాలి, ఎవరో ఆఫీసులో కూర్చుని రాస్తున్నారని.

ఊట విషయంలో పాండ్ అన్నిటికంటే వీక్, ఎందుకంటే పైనుంచి నీళ్ళు నొక్కుతూనే ఉంటాయి. కింద లైనింగ్, అంటే నీళ్ళు భూమిలోకి దిగకుండా పరిచే పొర, ఉండాలి, అది ఎలా వేశారు, అతుకులు ఎవరు టెస్ట్ చేశారు అన్నది కట్టేటప్పుడే చూడాలి, తర్వాత దాని మీద లక్షల టన్నుల బురద ఉంటుంది.

### చిక్కటి బురద, పేస్ట్

థిక్కెనర్‌లో, అంటే బురదని చిక్కబరిచే పెద్ద తొట్టిలో, నీళ్ళు తీసేసి 60, 70 శాతం ఘనం దాకా, పేస్ట్ అయితే ఇంకా పైకి తెస్తారు. పోస్తే నిలబడుతుంది, పైన నీళ్ళు తక్కువ, కాబట్టి గట్టు చిన్నది సరిపోతుంది, గండి పడినా బురద అంత దూరం పోదు. మాటల్లో చాలా బాగుంటుంది. నడపడంలో చిక్కు ఏంటంటే రాయి మారిన రోజు, బంకమట్టి ఎక్కువ వచ్చిన రోజు థిక్కెనర్ అనుకున్న చిక్కదనం ఇవ్వదు, పల్చగానే పోస్తారు, డిజైన్ మాత్రం చిక్కటి బురదకే వేసి ఉంటుంది. ఈ పద్ధతి తీసుకుంటే మీ గట్టు డిజైన్ చెడ్డ రోజుకి సరిపోవాలి.

### డ్రై స్టాక్

ఫిల్టర్ ప్రెస్‌లో నీళ్ళు పిండేసి, తేమ 15-20 శాతానికి తెచ్చి, టిప్పర్ మీదో కన్వేయర్ మీదో తీసుకెళ్ళి పొరలు పొరలుగా పరిచి రోలర్‌తో తొక్కుతారు. మౌంట్ పాలీ మీద వేసిన నిపుణుల ప్యానెల్ 2015లో ముందుకు తెచ్చింది ఈ దారినే. చిలీ ఎడారిలో లా కోయిపా, అలాస్కాలో గ్రీన్స్ క్రీక్ చాలా ఏళ్ళ నుంచి ఇలాగే నడుస్తున్నాయి, మన దేశంలో రాజస్థాన్ జావర్‌లో హిందుస్తాన్ జింక్ ప్లాంట్ పెట్టింది.

గండి రిస్కు బాగా పడిపోతుంది, వెనక నీళ్ళే లేవు కాబట్టి. నీళ్ళు చాలావరకు తిరిగి ప్లాంట్‌కే వస్తాయి, రాయలసీమ లాంటి చోట ఇది చిన్న విషయం కాదు, ఆ నీళ్ళ కోసమే రైతులతో తగువు.

ఇక రెండో వైపు. పెట్టుబడీ కరెంటూ ఎక్కువ. ఫిల్టర్ క్లాత్‌లు మార్చుతూనే ఉండాలి. రోజుకి లక్ష టన్నులు ఆడే పెద్ద గనికి చాలా కష్టం. వానాకాలంలో పరిచిన పొర తడిసిపోతుంది, రోలర్ దిగబడుతుంది, అప్పుడు సూపర్‌వైజర్ ఏం చేస్తాడు? ప్లాంట్ ఆపలేడు, తొక్కకుండా పోసేస్తాడు. అలా తడి పొర మీద పొడి పొర, మళ్ళీ తడి పొర వచ్చిందంటే పేరు డ్రై స్టాక్, లోపల మాత్రం వేరే కథ. అందుకే స్టాక్ బయటి భాగంలో బాగా తొక్కిన మంచి మెటీరియల్ మాత్రమే వెయ్యాలి, వాన రోజుల సరుకుకి లోపల వేరే చోటు, లేదా కప్పు ఉన్న షెడ్డు ముందే ప్లాన్‌లో ఉండాలి. చేత్తో పిసికితే ముద్ద కట్టాలి, అరచేతికి నీళ్ళు అంటకూడదు, అది పైపై పరీక్ష, లెక్కకి నిలబడేది ప్రాక్టర్ టెస్టూ (ఎంత తేమలో ఎంత గట్టిగా తొక్కుడవుతుందో ల్యాబ్‌లో చూసేది), సైట్‌లో డెన్సిటీ టెస్టూ.

దుమ్ము దీనికే ఎక్కువ. ఊట తక్కువే కానీ సున్నా కాదు, సల్ఫైడ్ ఉన్న టైలింగ్స్ అయితే గాలి తగిలి యాసిడ్ పుట్టే అవకాశం తడి పాండ్ కంటే ఇక్కడే ఎక్కువ కూడా. డ్రై అన్న మాట చూసి లైనింగ్ అక్కర్లేదనే వాళ్ళని నమ్మొద్దు.

### తిరిగి గనిలోకి

సింగరేణి అండర్‌గ్రౌండ్‌లో చేసినవాళ్ళకి స్టోయింగ్ అంటే కొత్తగా చెప్పక్కర్లేదు, బొగ్గు తీసిన ఖాళీలో నీళ్ళతో ఇసుక నింపడం. టైలింగ్స్‌తో కూడా అదే చేస్తారు, జార్ఖండ్ జాదుగూడ యురేనియం గనిలో ముతక భాగాన్ని విడదీసి కిందకే పంపుతారు. పేస్ట్‌లో కొద్ది శాతం సిమెంట్ కలిపితే గట్టిగా నిలబడుతుంది, పక్కన మిగిలిన ఖనిజం కూడా తీసుకోవచ్చు, అంటే ఖర్చులో కొంత వెనక్కి వస్తుంది.

నాకు అన్నిటికంటే ఇష్టమైన ఆప్షన్ ఇదే, కానీ ఇది ఒంటరిగా సరిపోదు. రాయి పిండి చేస్తే ఉబ్బుతుంది, తీసిన చోట పట్టేది సుమారు సగం, కొంచెం అటూ ఇటూ. మొదటి ఏళ్ళలో నింపడానికి ఖాళీయే ఉండదు. పైగా ముతకది కిందకి పంపితే పైన పాండ్‌లో మిగిలేది సన్నటి బురద, ఆరడానికి మొండికేసే రకం. కాబట్టి "మేం బ్యాక్‌ఫిల్ (ఇలా గనిలోకే తిరిగి నింపడం) చేస్తాం" అనగానే సంబరపడకుండా మిగతా సగం ఎక్కడ అని అడగండి.

### పాత ఓపెన్ పిట్‌లోకి

గుంటలో ఉన్నదానికి గట్టు లేదు కాబట్టి గండి దాదాపు లేదు. భూగర్భ జలం మాత్రం నేరుగా తగులుతుంది, పిట్ గోడల పగుళ్ళు ఎటు పోతాయో తెలియాలి. ఇంకో సంగతి, కింద అండర్‌గ్రౌండ్ పని జరుగుతుంటే దీని జోలికే పోవద్దు. 1970లో జాంబియా ముఫులిరాలో పైనున్న టైలింగ్స్ గనిలోకి కుంగి దిగి 89 మంది కార్మికులు చనిపోయారు.

## పక్కపక్కన పెడితే

| పద్ధతి | గండి రిస్కు | ఊట రిస్కు | దుమ్ము | మొదటి ఖర్చు | వానాకాలం |
|---|---|---|---|---|---|
| అప్‌స్ట్రీమ్ పాండ్ | చాలా ఎక్కువ | ఎక్కువ | ఒడ్డు ఎండితే ఉంటుంది | తక్కువ | భయం |
| డౌన్‌స్ట్రీమ్ పాండ్ | మధ్యస్థం | ఎక్కువ | ఒడ్డు ఎండితే ఉంటుంది | ఎక్కువ | పైన ఖాళీ ఉంచితే ఓకే |
| పేస్ట్ | మధ్యస్థం కంటే తక్కువ | మధ్యస్థం | మధ్యస్థం | మధ్యస్థం | పల్చబడే రోజులు చూడాలి |
| డ్రై స్టాక్ | తక్కువ | తక్కువ, సున్నా కాదు | ఎక్కువ | ఎక్కువ | తొక్కడం కష్టం |
| గనిలో నింపడం | కింద నింపినదానికి లేదు | గని నీళ్ళని బట్టి | లేదు | మధ్యస్థం నుంచి ఎక్కువ | పెద్దగా తేడా లేదు |
| పాత పిట్ | దాదాపు లేదు | ఎక్కువ అవ్వొచ్చు | తక్కువ | తక్కువ | నీటిమట్టం పెరుగుతుంది |

టేబుల్ చూసి మార్కులు కూడి మొదటి ర్యాంకు ఎవరిదని తీయకండి. దిగువన ఊరుంటే మొదటి గడి ఒక్కటే మిగతా అన్నిటినీ మింగేస్తుంది.

## మీది ఏ పరిస్థితి

రాయలసీమలో చిన్న బంగారు గని, ఏడాదికి 550-700 మిల్లీమీటర్ల వాన, రోజుకి ఆడేది తక్కువ టన్నులు: డ్రై స్టాక్‌కి ఇంతకంటే మంచి చోటు దొరకదు. లైనింగ్ వెయ్యండి, దుమ్ముకి పక్కలు ఎప్పటికప్పుడు మట్టితో కప్పుకుంటూ గడ్డి పెంచండి. ఫిల్టర్ ఖర్చు ఎక్కువ అనిపిస్తే నీళ్ళ ట్యాంకర్ల ఖర్చు పక్కన రాసి చూడండి.

ఉత్తరాంధ్ర ఏజెన్సీ లాంటి కొండ ప్రాంతం, తుఫాను వానలు, వాలు నేల: ఇక్కడ ఏ పద్ధతీ సుఖంగా ఉండదు. పాండ్ కడితే లోయలో కట్టాలి, లోయ కింద ఊళ్ళే ఉంటాయి. డ్రై స్టాక్ అయితే కప్పూ, చుట్టూ వాన నీళ్ళు మళ్ళించే కాలువలూ లేకుండా నడవదు. ఆ ఖర్చు కలిపాక ప్రాజెక్టు గిట్టకపోతే గిట్టలేదని ఒప్పుకోవడం కూడా ఒక ఆప్షనే, దాన్ని ఏ కన్సల్టెంటూ రిపోర్టులో రాయడు.

అండర్‌గ్రౌండ్ గని అయితే బ్యాక్‌ఫిల్ ప్లస్ మిగతాదానికి పేస్ట్ లేదా డ్రై స్టాక్. బ్యాక్‌ఫిల్ లేకుండా మొత్తం పైనే పోస్తామంటే కారణం రాతపూర్వకంగా అడగాలి.

ఇప్పటికే పాత పాండ్ ఉంది, మార్చే అవకాశం లేదు అంటారా, చాలామంది పరిస్థితి ఇదే. పైన నిలిచిన నీళ్ళు తగ్గించండి, అది అన్నిటికంటే చవకైన మందు. గట్టు పాదం దగ్గర రాళ్ళతో బరువు పోసి గట్టుకి ఆసరా కట్టండి. దిగువన ఆఫీసో, షెడ్డో, కూలీల క్వార్టర్లో ఉంటే ముందు అవి తీసెయ్యండి. ఎత్తు ఇంకో రెండు మీటర్లు పెంచుదాం, తర్వాత చూద్దాం అనే మాట దగ్గర గట్టిగా నిలబడండి. ఒక హెచ్చరిక: గట్టు పాదాన్ని ఏ కారణానికైనా, కాలువ కోసమైనా సరే, డిజైనర్‌ని అడక్కుండా తవ్వొద్దు.

రాళ్ళ దిబ్బల సంగతి క్లుప్తంగా. వీటికీ నీళ్ళే శత్రువు. 1966లో వేల్స్‌లోని ఆబర్‌ఫాన్‌లో బొగ్గు గని వ్యర్థాల దిబ్బ ఊటల మీద పోశారు, జారి బడి మీద పడింది, చనిపోయిన 144 మందిలో 116 మంది పిల్లలు. 2016 డిసెంబర్‌లో జార్ఖండ్ రాజ్‌మహల్ ఓపెన్‌కాస్ట్‌లో దిబ్బ జారి 23 మంది కార్మికులు పోయారు. దిబ్బ ఎక్కడ పోస్తున్నారో ఆ నేలలో ఊట ఉందా, మెట్లు మెట్లుగా పోస్తున్నారా లేక అంచు నుంచి ఒకేసారి గుమ్మరిస్తున్నారా, ఈ రెండూ చూస్తే సగం సంగతి తెలిసిపోతుంది.

## హియరింగ్‌కి వెళ్ళేవాళ్ళకి

2020 ఆగస్టులో వచ్చిన గ్లోబల్ టైలింగ్స్ స్టాండర్డ్ అని ఒకటుంది, మన చట్టం కాదు కానీ అడగడానికి బాగా పనికొస్తుంది. గట్టు తెగితే 100 మందికి పైగా చనిపోయే అవకాశం ఉంటే అది ఎక్స్‌ట్రీమ్ క్లాసు, పది వేల ఏళ్ళకోసారి వచ్చే వరదకీ భూకంపానికీ తట్టుకునేలా ఉండాలి. మీ పాండ్ ఏ క్లాసు, ఎవరు నిర్ణయించారు, తెగితే బురద పారే మ్యాప్ ఎక్కడ, ఆ మ్యాప్‌లో మా ఇళ్ళు ఎన్ని, కంపెనీలో దీనికి సంతకం పెట్టే బాధ్యుడి పేరేంటి, బయటి నిపుణులు ఎన్నాళ్ళకోసారి చూస్తారు. ఇవి అడగండి. జవాబు నోటితో కాదు, మినిట్స్‌లో రాయించండి.

అంతకంటే ముందు చేయాల్సింది ఒకటుంది, గని రాకముందే మీ బోర్ల నీళ్ళు టెస్ట్ చేయించి పెట్టుకోవడం. గుర్తింపు ఉన్న ల్యాబ్‌లో, ఒకసారి ఎండాకాలం చివర్లో, ఇంకోసారి వానలు తగ్గాక. పీహెచ్, టీడీఎస్, సోడియం, సల్ఫేట్ ఎలాగూ చేయించాలి, బంగారం గని అయితే ఆర్సెనిక్, సైనైడ్, యురేనియం అయితే యురేనియమే, సీసం-జింకు అయితే సీసం. ఒక్కరి బోరు కాదు, పాండ్ వచ్చే చోటుకి నాలుగు దిక్కులా ఉన్న బోర్లు. శాంపిల్ తీసేటప్పుడు పంచాయతీ సెక్రటరీనో వీఆర్వోనో పక్కన పెట్టుకుని సంతకం తీసుకోండి, ల్యాబ్ రిపోర్ట్ ఒరిజినల్ మీ దగ్గరే ఉంచుకుని జిరాక్స్ హియరింగ్‌లో ఇవ్వండి, ఇచ్చినట్టు రసీదు తీసుకోండి.